నూజివీడు మామిడి తోటలో నాలుగు రోజులు

మే నెల వచ్చిందంటే గుడివాడ బస్టాండులో నూజివీడు వైపు వెళ్ళే బస్సులకు గిరాకీ. వెళ్ళేవాళ్ళు ఖాళీ సంచులతో వెళ్తారు, వచ్చేవాళ్ళు నిండు బుట్టలతో వస్తారు. మేము కూడా ఎన్నో వేసవులు అలాగే వెళ్ళి వచ్చినవాళ్ళమే. కాని కిందటి వేసవిలో మేము వెళ్ళింది పండ్ల కోసం కాదు, మా అబ్బాయి కోసం.

మా అబ్బాయికి 26 ఏళ్ళు. వాడికి ఆటిజం ఉంది. మాటలు తక్కువ. అడిగినదానికి ఒక్కొక్కప్పుడు జవాబు చెప్తాడు, ఒక్కొక్కప్పుడు మనం అడిగిన మాటనే తిరిగి మనకు అప్పజెప్తాడు. లెక్కపెట్టడం అంటే ప్రాణం. మెట్లు, కిటికీ ఊచలు, రైలు పెట్టెలు, ప్రార్థన కూటంలో కుర్చీలు, అన్నీ లెక్కపెడతాడు. పద్దెనిమిదేళ్ళు నిండేవరకు ఒక ప్రత్యేక పాఠశాలకు వెళ్ళాడు. ఆ తరువాత పాఠశాలవారు, "ఇక మా దగ్గర నేర్పవలసింది లేదండీ" అన్నారు. వాళ్ళ తప్పు కాదు. అది పిల్లల బడి, వీడు పిల్లవాడు కాడు. ఆ మరుసటి రోజు ఉదయం కూడా వాడు సంచి తగిలించుకుని గేటు దగ్గర ఆటో కోసం నిలబడ్డాడు. ఆటో రాలేదు. అలా పదిహేను రోజులు నిలబడ్డాడు. తరువాత నిలబడడం మానేశాడు. అప్పటినుండి ఎనిమిదేళ్ళుగా వాడి దినచర్య మంచం, టీవీ, వరండా.

మాలో ఒకరికి 61, ఒకరికి 57. పగలు ఏదో పనిలో పడి గడిచిపోతుంది. రాత్రి దీపం ఆర్పిన తరువాత ఇద్దరికీ ఒకటే ఆలోచన. మా తరువాత వీడెలా? ఇటువంటి బిడ్డ ఉన్న ప్రతి ఇంటిలోనూ ఈ ప్రశ్న ఉంటుందని చదువరులలో చాలామందికి తెలిసే ఉంటుంది.

నూజివీడుకు దగ్గరలో ఒక పల్లెలో మా అన్నయ్యకు ఆరెకరాల తోట ఉంది. ఆ ఏడు కోతల సమయంలో వదిన ఫోను చేసి, "వాణ్ణి తీసుకుని నాలుగు రోజులు వచ్చి ఉండండి. గోడలు చూసే బదులు చెట్లు చూస్తాడు గదా" అన్నది. వదిన మాట కాదనలేక బయలుదేరాము.

నల్లనేల నుండి ఎర్రనేలకు

గుడివాడ నుండి హనుమాన్ జంక్షన్ వరకు అంతా డెల్టా. మే నెలలో మినుము తీసేసిన చేలు నెర్రెలు విచ్చి ఉంటాయి. మధ్యమధ్య చేపల చెరువులు. జంక్షన్లో జాతీయ రహదారి దాటితే దారి మారుతుంది. నూజివీడు పేరు పెట్టుకున్న రైలు స్టేషను ఈ జంక్షన్ దగ్గరే ఉంది గాని, అక్కడ దిగి ఊరేదని వెతికితే దొరకదు. ఊరు ఇంకా చాలా దూరం. కొంచెం కొంచెంగా నేల ఎత్తెక్కుతుంది. నలుపు పోయి ఎరుపు వస్తుంది. వరిచేల స్థానంలో మామిడి తోటలు మొదలవుతాయి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం, ఎటు పోయినా మామిడే.

ఈ ప్రాంతం ఒకప్పుడు నూజివీడు జమీందారుల ఏలుబడిలో ఉండేది. వారి పేరుమీదనే ఊళ్ళో ధర్మ అప్పారావు కళాశాల ఉంది. 2008లో ఇక్కడ ట్రిపుల్ ఐటీ వచ్చింది. చిరకాలం కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు 2022 ఏప్రిల్ నుండి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. కాని జిల్లా మారినా "నూజివీడు రసాలు" అన్న పేరు మారలేదు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ అని పిలిచే తోతాపురి, సువర్ణరేఖ, వీటి రుచి తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ఈ మధ్య కొందరు మామిడి కొట్టేసి పామాయిలు, జామ వేస్తున్నారు. ఒక ఏడు కాస్తే ఒక ఏడు కాయని చెట్టును నమ్ముకుని ఎంతకాలం ఉంటాము అని వాళ్ళ బాధ.

బస్సులో మా అబ్బాయి కిటికీ పక్క సీటులో కూర్చున్నాడు. జంక్షన్ దగ్గర జనం ఎక్కి కిక్కిరిసినప్పుడు రెండు చేతులూ చెవులకు పెట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగసాగాడు. పక్కన నిలబడిన పెద్దమనిషి ఒకాయన వాణ్ణీ, మమ్మల్నీ మార్చి మార్చి చూసి, "ఇంత వయసు వచ్చినవాణ్ణి అలా వదిలేశారేమండీ, కాస్త భయం చెప్పవద్దా" అన్నాడు. ఇటువంటి మాటలు మాకు కొత్త కాదు. ఆటిజం పెంపకంలో లోపం వల్ల వచ్చేది కాదని, అది పుట్టుకతోనే మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా అని, శబ్దం, వెలుతురు, రద్దీ కొందరికి దెబ్బ తగిలినట్లే ఉంటాయని ఆ రద్దీలో ఆయనకు చెప్పగలమా? ఊరుకున్నాము. ఎర్రనేల వచ్చి, కిటికీలో చెట్ల వరుసలు కనబడగానే వాడి ఊగడం దానంతట అదే ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.

చెప్పకుండా నేర్పిన మేస్త్రి

తెల్లవారుజామున నాలుగున్నరకే కోత ముఠా వచ్చింది. ఎండ ముదరకముందే కాయ దింపాలి. పొడవాటి గెడకు చిక్కం కట్టి, కాయను తొడిమతో సహా తెంపుతారు. తొడిమ ఊడితే సొన కారి తొక్క మీద నల్లటి మచ్చ పడుతుంది. మచ్చ పడిన కాయకు మార్కెట్లో ధర ఉండదు. అందుకని దింపిన కాయను చెట్టు నీడలో తొడిమ వైపు కిందకు ఉంచి, సొన కారిపోయేదాకా ఆరబెట్టి, అప్పుడు ఏరుతారు. పగిలినవి, దెబ్బ తగిలినవి, చిన్నవి పక్కకు పోతాయి. మంచివి కాగితం పరచిన ప్లాస్టిక్ క్రేట్లలోకి పోతాయి. క్రేటు ఇరవై కిలోలు. మధ్యాహ్నానికి లోడు విజయవాడ పక్కన ఉన్న నున్న మార్కెట్టుకు పోవాలి.

ముఠా మేస్త్రి అరవై దాటిన మనిషి. చదువు లేదు. మొదటి రోజు మా అబ్బాయి ఆరబెట్టిన కాయల చుట్టూ తిరుగుతూ ఉంటే మాకు కంగారు. "అది ముట్టుకోకు, ఇటు రా, అక్కడ కూర్చో" అని ఇద్దరం ఒకరి తరువాత ఒకరం అరుస్తూనే ఉన్నాము. మేస్త్రి కాసేపు చూసి, "అమ్మగారూ, మీరు కాసేపు ఆ పాకలో కూర్చోండి" అన్నాడు.

తరువాత ఆయన చేసింది ఇదీ. వాడికి ఎడమ వైపున ఏరిన కాయల కుప్ప పెట్టాడు. కుడి వైపున ఖాళీ క్రేటు పెట్టాడు. వాటి మధ్యలో, నిండిన క్రేటు ఒకటి చూసేందుకు వీలుగా ఉంచాడు. ఒక్క మాట కూడా అనలేదు. తాను ఒక కాయ తీసి క్రేటులో పెట్టాడు, రెండో కాయ పెట్టాడు, మూడో కాయ వాడి చేతికిచ్చాడు. వాడు ఆ కాయను అటూ ఇటూ తిప్పి చూసి, తొడిమ కిందకు పెట్టి సర్దాడు. పది కాయల వరుస అయింది. నిండిన క్రేటు వైపు చూశాడు. మరో పది పెట్టాడు. మేము పాకలో ఊపిరి బిగబట్టి కూర్చున్నాము. అరగంటలో ఒక క్రేటు అయింది. రెండో క్రేటు ఇంకాస్త త్వరగా అయింది. అంతేకాదు, ముఠావాళ్ళు చూడక వదిలిన రెండు పగుళ్ళ కాయలు వాడు తీసి పక్కన పెట్టాడు. మేస్త్రి వాటిని చూసి నవ్వి, "చిన్నబాబు కళ్ళు మంచివి" అన్నాడు.

ఎనిమిదేళ్ళలో మా బిడ్డను గురించి ఒకరు జాలి లేకుండా అన్న మంచి మాట అదే.

ఆ తరువాత మేము తెలుసుకున్న సంగతి ఒకటి. అమెరికాలో నార్త్ కరోలినాలో ఎరిక్ షోప్లర్ అనే ఆయన 1972 నుండి రాష్ట్రమంతటా నడిపిన టీచ్ అనే కార్యక్రమంలో ఆటిజం ఉన్నవారికి పని నేర్పే పద్ధతి సరిగ్గా ఇదే. నేను చేయవలసిన పని ఏది? ఎంత? అయిపోయిందని ఎలా తెలుస్తుంది? తరువాత ఏమిటి? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు మాటలతో కాక కళ్ళకు కనబడేటట్లు ఏర్పాటు చేస్తారు. మా మేస్త్రి ఏ పుస్తకమూ చదవలేదు. ఎదుటి మనిషిని నిదానంగా చూశాడు, అంతే.

రెండో రోజు జరిగినది

రెండో రోజు ఉదయం తొమ్మిది గంటల వేళ కోతుల గుంపు తోటలో పడింది. కాపలా కుర్రవాడు రేకు డబ్బా బాది, వెంటనే ఒక టపాకాయ పేల్చాడు. మేము అది ఊహించలేదు. శబ్దం ఆగి చూసేసరికి క్రేట్ల దగ్గర వాడు లేడు.

తోట చివర ఒక పాత నేలబావి ఉంది. బోరు వేసిన తరువాత దాన్ని వాడడం లేదు. చుట్టూ గోడ కూడా సరిగా లేదు. ఇద్దరమూ ఒకరితో ఒకరం మాట్లాడుకోకుండానే ఆ బావి వైపు పరుగెత్తాము. ఆ కొద్ది దూరంలో మా ఇద్దరి మనసుల్లో ఏమేమి కదిలాయో ఈ కాగితం మీద పెట్టలేము. బావిలో నీళ్ళు కదలక నిశ్చలంగా ఉన్నాయి. అది చూసి ధైర్యపడాలో, భయపడాలో తెలియలేదు. అన్నయ్య మోటారు సైకిలు తీసుకుని రోడ్డు మీదకు వెళ్ళాడు. వదిన ఇంటి వైపు పరుగెత్తింది. ముఠా అంతా పని ఆపి తలా ఒక దిక్కు వెతికారు. గంట గడిచింది.

మేస్త్రి మాత్రం ఒక చోట నిలబడి, "నిన్న సాయంత్రం నుండి బాబు చెట్లు లెక్కపెడుతున్నాడు గదా, ఎక్కడి దాకా వచ్చాడు?" అని అడిగాడు. అవును, నిన్న సాయంత్రం, ఈ ఉదయం కూడా పనికి ముందు వరుసల వెంట నడుస్తూనే ఉన్నాడు. మేము పట్టించుకోలేదు. మేస్త్రి పట్టించుకున్నాడు. "ఎనిమిదో వరుసలో ఉండగా నేను పనికి పిలిచాను. లెక్క పూర్తి కాలేదు గదా అమ్మగారూ. పారిపోయినవాడు అక్కడికే వస్తాడు" అన్నాడు.

వాడు ఎనిమిదో వరుసలోనే ఉన్నాడు. కాళ్ళకు ముళ్ళు గీరుకుని రక్తం చారలు కట్టింది. చొక్కా తడిసింది. ఒక చెట్టు మొదలు మీద చేయి వేసి నిలబడి ఉన్నాడు. మేము దగ్గరకు వెళ్ళి పట్టుకోబోతే మేస్త్రి సైగ చేసి ఆపాడు. వాడు తరువాత చెట్టుకు నడిచాడు, దాని తరువాత చెట్టుకు నడిచాడు. మేము వెనకనే నడిచాము. పన్నెండో వరుస చివరి చెట్టు దగ్గర ఆగి, మా వైపు తిరిగి, "రెండు వందల ముప్పై ఏడు" అన్నాడు. తరువాత తానే వచ్చి అమ్మ చేయి పట్టుకున్నాడు.

అన్నయ్య వచ్చాక ఆ మాట చెప్పాము. "ఎకరానికి నలభై, ఆరెకరాలకు రెండు వందల నలభై" అన్నాడు. తరువాత కాసేపు ఆలోచించి, "కాదు, వాడు చెప్పిందే రైటు. గాలివానకు రెండు పోయినాయి, పురుగు తొలిచి ఒకటి ఎండిపోయింది. మళ్ళీ మొక్క పెట్టలేదు" అన్నాడు. యజమానికి గుర్తు లేని మూడు చెట్ల లోటు వాడి లెక్కలో తేలింది.

ఆ సాయంత్రమే అన్నయ్య బావి మీద ఇనుప వల కప్పించాడు. కాపలా కుర్రవాడు టపాకాయలు మానేసి, ముందుగా మా దగ్గరకు వచ్చి చెప్పి డబ్బా మాత్రమే బాదాడు. డబ్బా బాదే ముందు మేము వాడికి బోరు షెడ్డు చూపించి, "అక్కడ కూర్చో" అని నేర్పాము. మర్నాడు డబ్బా మోతకు వాడు పరుగెత్తలేదు. నడుచుకుంటూ షెడ్డులోకి వెళ్ళి, మోత ఆగాక తిరిగి వచ్చి క్రేటు దగ్గర కూర్చున్నాడు. ఇంత చిన్న సంగతి ఎనిమిదేళ్ళుగా మాకెందుకు తట్టలేదని ఆ రాత్రి చాలాసేపు అనుకున్నాము. పట్టుకుని ఆపడమే మాకు తెలుసు. వెళ్ళడానికి ఒక చోటు చూపించడం తెలియలేదు.

మొక్కజొన్న వరుసలు లెక్కపెట్టిన డొనాల్డ్

ఆటిజం అన్న లక్షణాన్ని వివరంగా రాసిన తొలి వైద్యులలో ఒకరు లియో కానర్. ఆయన 1943లో పదకొండు మంది పిల్లలను గురించి రాశాడు. అందులో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. అమెరికాలో మిసిసిపి రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరివాడు. తొమ్మిదేళ్ళ వయసులో వాణ్ణి తల్లిదండ్రులు దగ్గరలోని ఒక రైతు దంపతుల ఇంట ఉంచారు. వాడికి కూడా లెక్కల పిచ్చి, కొలతల పిచ్చి. ఎప్పుడూ కొలుస్తూ ఉంటాడని ఆ రైతు వాడిచేత బావి తవ్వించి, ఎంత లోతు వచ్చిందో చెప్పమన్నాడు. మొక్కజొన్న చేలో వరుసలు మాటిమాటికీ లెక్కపెడుతూ ఉంటే, నాగలి ఇచ్చి, దున్నుతూ లెక్కపెట్టమన్నాడు. కానర్ ఆ ఇంటికి వెళ్ళి చూసి, ఆ రైతు దంపతుల తెలివికి ఆశ్చర్యపడ్డాడు.

డొనాల్డ్ పెరిగి, 1958లో కాలేజీ చదువు పూర్తి చేసి, బ్యాంకులో పనిచేశాడు. కారు నడిపాడు, గోల్ఫు ఆడాడు, ఎన్నో దేశాలు ఒంటరిగా తిరిగి వచ్చాడు. 2023 జూన్‌లో 89 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. అతడు పనిచేసిన బ్యాంకు అతడి కుటుంబానిదే అన్న సంగతి కూడా చెప్పాలి. అందరికీ అటువంటి వసతి ఉండదు, అందరూ అతడంత నేర్చుకోలేరు కూడా. కాని ఊరంతా అతడి తీరు తెలుసుకుని, అతడిని తమవాడిగా ఉంచుకున్నది. దానికి బ్యాంకు అక్కరలేదు.

పొలం పని ఇటువంటివారికి బాగా సరిపడుతుందని పాశ్చాత్య దేశాల్లో కొందరు చాలాకాలం క్రితమే గుర్తించారు. ఇంగ్లండులో 1974లో సోమర్సెట్ కోర్టు అనే చోట పెద్ద వయసువారికి నివాసం ఏర్పడింది. దాన్ని చూసి స్ఫూర్తి పొందిన బెటీ రూత్ కే అనే ఉపాధ్యాయురాలు 1983లో అమెరికాలోని ఒహాయోలో బిట్టర్‌స్వీట్ ఫార్మ్స్ మొదలుపెట్టింది. అక్కడ తోటపని, పశువుల పని, వంట, వడ్రంగం, ఎవరికి తగినది వారు చేస్తారు. ప్రతి పనికీ ఒక అర్థం కళ్ళముందు ఉంటుంది. మేత వేయకపోతే పశువు ఆకలితో అరుస్తుంది, నీరు పోయకపోతే మొక్క వాడుతుంది. పూసలు గుచ్చించి, రాత్రి మళ్ళీ విప్పి, తెల్లవారి అవే గుచ్చించే పనికీ దీనికీ ఎంతో తేడా ఉంది. అటువంటి పని మా అబ్బాయిచేత ఒకచోట ఆరు నెలలు చేయించారు. వాడు కనిపెట్టేశాడు. తరువాత పూసలు ముట్టలేదు.

వదిన అడిగిన ప్రశ్న

మూడో రోజు రాత్రి భోజనాల తరువాత ఆరుబయట మంచాల మీద కూర్చున్నాము. మాలో ఒకరికి ఉత్సాహం పొంగింది. గుడివాడ ఇల్లు అద్దెకిచ్చి, ఇక్కడే అర ఎకరం కొనుక్కుని ఉండిపోదాము అన్న మాట వచ్చింది. వదిన అంతా విని నెమ్మదిగా అడిగింది. "కోతలు నలభై రోజులు. మిగిలిన పది నెలలు వాడేం చేస్తాడు? మీ తరువాత మేము చూస్తాము, కాదనను. కాని మాకూ మీ వయసే గదా. మా తరువాత?"

ఎవరమూ మాట్లాడలేదు. ఆ మాట అనగలిగినది మా మేలు కోరిన మనిషే.

ఆ రాత్రి అన్నయ్య, మేము కలిసి తోట పన్నెండు నెలల పని వరుసగా చెప్పుకున్నాము. కోతలయ్యాక జూన్, జూలైలో ఎండుకొమ్మలు తీయడం, పుల్లలు ఏరి కట్టలు కట్టడం. వానల్లో పాదులు చేసి ఎరువు వేయడం. అంట్లు కట్టే నర్సరీల్లో ప్లాస్టిక్ సంచులకు మట్టి నింపి వరుసగా పేర్చడం, నీళ్ళు పోయడం. డిసెంబరు నుండి పూత. పిందె నిలిచి కాయ గుడ్డంత అయ్యాక పురుగు పట్టకుండా కాగితం కవర్లు తొడగడం. ఈ మధ్య కవర్ల వాడకం పెరుగుతోంది. తొడిగినన్ని లెక్క రాసుకోవాలి. వేసవిలో ఆవకాయ ముక్కలు తుడవడం, తాండ్రకు చాపలు పరచడం. పనికి కొదువ లేదు. కాని ఏ ఒక్క తోటా పన్నెండు నెలలూ పని ఇవ్వదు. పది తోటలు కలిసి, మధ్యలో రోజూ వెళ్ళి కూర్చునే ఒక చోటు ఉంటేనే అది కుదురుతుంది.

ఆ "రోజూ వెళ్ళే చోటు" అన్నదే అసలు సంగతి. దీనినే పగటి కేంద్రం అంటారు. ఉదయం వెళ్ళి సాయంత్రం ఇంటికి వస్తారు. తలుపు మీద బొమ్మలతో ఆ రోజు పనుల పట్టిక ఉంటుంది. కొంతసేపు పని, కొంతసేపు వంట, బట్టలు ఉతకడం, కొట్టుకు వెళ్ళి డబ్బిచ్చి చిల్లర తీసుకోవడం, బస్సు ఎక్కి దిగడం నేర్పుతారు. శబ్దం ఎక్కువైనప్పుడు వెళ్ళి కూర్చునేందుకు ప్రశాంతమైన గది ఒకటి ఉంటుంది. నేర్పేవారు మొదట చేయి పట్టుకుని చేయిస్తారు, తరువాత వేలు చూపిస్తారు, తరువాత దూరంగా నిలబడతారు. చివరకు అక్కడినుండి వెళ్ళిపోతారు. స్వతంత్రంగా బ్రతకడం అంటే ఎవరి సహాయమూ లేకుండా బ్రతకడమని మేము అనుకునేవాళ్ళము. అలా బ్రతికేవారు మనలో ఎవరున్నారు? తనకు తెలిసిన పని తాను చేసుకుని, తెలియనిచోట అడగగలగడమే స్వతంత్రం.

మన దేశంలో ఉన్న ఏర్పాట్లు

మన తెలుగు ప్రాంతానికి సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దానిని నీపిడ్ అంటున్నారు. ఆటిజం ఎంతమేరకు ఉన్నదో కొలవడానికి నలభై అంశాల భారతీయ కొలమానం తయారైనది అక్కడే. ఢిల్లీలో మెరీ బారువా అనే తల్లి 1991లో ఆక్షన్ ఫర్ ఆటిజం మొదలుపెట్టారు. తన కుమారుని కోసం వెతికి, లేనిదానిని తానే కట్టుకున్న మనిషి ఆమె.

1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. ఆ ట్రస్టు 2015లో ప్రకటించిన పథకాల్లో వికాస్ అన్నది పదేళ్ళు దాటినవారి పగటి కేంద్రాలకు ఉద్దేశించినది. రోజుకు కనీసం ఆరు గంటలు, నెలకు కనీసం 21 రోజులు కేంద్రం నడవాలన్నది అప్పటి దాని నియమం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాలలో ఒకటిగా పేర్కొన్నది. ధృవపత్రం ఉన్నవారికి మన రాష్ట్రంలో 2024 నుండి పింఛను నెలకు 6,000 రూపాయలు అయింది.

మరొక సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. మాకూ ఆలస్యంగా తెలిసింది. బిడ్డకు 18 ఏళ్ళు నిండితే, చట్టం దృష్టిలో కన్నవారు కూడా వాడికి దానంతట అదే సంరక్షకులు కారు. జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టి సంరక్షకులుగా నియమింపబడాలి. మా తరువాత ఎవరు అన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు అక్కడ మొదలవుతుంది. తిరిగి రాగానే మేము ఆ దరఖాస్తు పెట్టాము.

పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. పద్దెనిమిది దాటినవారికి చిన్న ఊళ్ళలో చోటు దొరకడమే కష్టం. పట్నంలో ఉన్న కేంద్రానికి పల్లె నుండి రోజూ ఎవరు తీసుకువెళ్ళగలరు?

కూలి డబ్బులు

నాలుగో రోజు బయలుదేరే ముందు మేస్త్రి వచ్చి మా అబ్బాయి చేతిలో మూడు వంద రూపాయల నోట్లు పెట్టాడు. మేము వద్దన్నాము. ఆయన ముఖం చిన్నబోయింది. "ఇది దానం కాదమ్మగారూ. మూడు రోజులకు బాబు సర్దిన క్రేట్లు ఇరవై రెండు. మా ముఠా లెక్కలో రాశాను. కూలి వద్దంటే ఆ పని పని కాదన్నట్టు గదా" అన్నాడు. మేము సిగ్గుపడి ఊరుకున్నాము. వాడు నోట్లు లెక్కపెట్టుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నూజివీడు బస్టాండులో అరటిపండ్ల బండి దగ్గర ఒక నోటు తీసి ఇచ్చి, చిల్లర కోసం చేయి చాచి నిలబడ్డాడు. అది మేము నేర్పినది కాదు. ఇన్నాళ్ళూ మమ్మల్ని చూసి నేర్చుకుని, తన డబ్బు వచ్చేదాకా ఆగాడు.

సువార్తలో ద్రాక్షతోట యజమాని ఉపమానం మనమందరం ఎరిగినదే. సాయంత్రం దాకా సంత వీధిలో నిలబడి ఉన్న కూలివాళ్ళు అందులో ఉన్నారు. వాళ్ళ మీద ప్రసంగాలు ఎన్నో విన్నాము. కాని వాళ్ళు ఖాళీగా నిలబడ్డది సోమరితనం వల్ల కాదు, ఎవరూ పిలవకపోవడం వల్ల అన్న మాట మాకు ఆ బస్టాండులో తట్టింది. మా గేటు దగ్గర సంచి తగిలించుకుని పదిహేను రోజులు నిలబడినవాడు మా కళ్ళముందే ఉన్నాడు.

ఇంటికి వచ్చాక, మా ఊళ్ళోనే ఇటువంటి బిడ్డలున్న ఇళ్ళు వెతికాము. నాలుగు దొరికాయి. అందులో రెండు ఇళ్ళు మేము రోజూ దాటి వెళ్ళే వీధిలోనే ఉన్నాయి. తలుపులు వేసి ఉండడం వల్ల తెలియలేదు. నాలుగు కుటుంబాలమూ కలిసి సంఘ పెద్దల దగ్గరకు వెళ్ళి, ఆదివారం తప్ప ఆరు రోజులూ తాళం వేసి ఉండే హాలు వారానికి మూడు రోజులు, పూట చొప్పున అడిగాము. నర్సరీవారు సంచులు ఇస్తామన్నారు, మట్టి మేము తెచ్చుకోవాలి. ఒక పెద్ద "గోడలు పాడవుతాయేమో" అన్నారు, మరొకరు "పాడైతే సున్నం కొట్టిద్దాము" అన్నారు. ఈ మాటలు రాసే రోజుకు తాళంచెవి మా చేతికి వచ్చి మూడు వారాలయింది.

మొదటి రోజు ఉదయం మా అబ్బాయి ఎనిమిదేళ్ళ నాటి ఆ పాత సంచి ఎక్కడినుండి తీశాడో తీసి, తగిలించుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఈసారి ఆటో వచ్చింది.